డ్రైవ్ కనబడటం లేదు సరే, ఎవరికి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తణుకు. ఇంటి దగ్గరే ఉండి 23 షాపులకీ ఒక రైస్ మిల్లుకీ లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. నా ల్యాప్‌టాప్ 2022లో కొన్నది. ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 11వ తరం, డేటా దాచే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. పోయిన శనివారం రాత్రి అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. బ్యాటరీ కూడా అయిపోయి మధ్యలోనే ఆగిపోయింది. పొద్దున ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘నో బూటబుల్ డివైస్’ అని వచ్చింది. మా తమ్ముడు పెన్‌డ్రైవ్‌లో విండోస్ తెచ్చి వేయబోతే డ్రైవ్‌లేవీ దొరకలేదని చెబుతోంది. ఎఫ్2 నొక్కి చూస్తే మాత్రం ఎస్‌ఎస్‌డీ పేరు, 512 జీబీ అని ఉంది. షాపులో చూపిస్తే, ‘ఎస్‌ఎస్‌డీ పోయిందండీ, విండోస్‌కే దొరకట్లేదు. కొత్తది వేసేద్దాం, పాతది ఇచ్చేస్తే కొంత తగ్గిస్తాం’ అన్నారు. లెక్కలు రాసే నా టాలీ సాఫ్ట్‌వేర్ డేటా అంతా అందులోనే ఉంది. చివరి బ్యాకప్ మార్చిలో తీసింది. 11వ తారీఖులోపు జీఎస్టీఆర్-1లు (అమ్మకాల రిటర్నులు) వేయాలి. ఏం చేయమంటారు?
ఒక సోదరి, తణుకు

సమాధానం: అమ్మా, ముందు రెండు మాటలు. కొత్త ఎస్‌ఎస్‌డీ ఇప్పుడే కొనకండి. పాతది ఎవరికీ ఇవ్వకండి. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం, 11వ తారీఖు సంగతితో సహా.

మీరు ఉత్తరంలో ఏదో మాటవరసకి రాసినట్టు ఒక వాక్యం రాశారు. ఎఫ్2 నొక్కితే ఎస్‌ఎస్‌డీ పేరు, 512 జీబీ అని ఉంది అని. షాపులో కుర్రాడు దాన్ని పట్టించుకోలేదు. నాకు మాత్రం ఉత్తరం మొత్తానికి అదే ప్రాణం.

డ్రైవ్ కనబడటం లేదని ఎవరొచ్చి చెప్పినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఎవరికి కనబడటం లేదు? ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ముందుగా నిద్రలేచేది బయోస్. మీరు ఎఫ్2 నొక్కి చూసింది దాని తెరే. అది ఎస్‌ఎస్‌డీని పలకరించి నీ పేరేంటి, నీ సైజెంత అని అడుగుతుంది. ఆ తర్వాత వంతు విండోస్‌ది, లేదా మీ తమ్ముడు తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోని సెటప్‌ది. అన్నిటికన్నా చివర ఫోల్డర్లు తెరుచుకుని చూసే మనం. ఈ ముగ్గురిలో ఎవరి దగ్గర ఆగిందన్న దాన్ని బట్టి రోగం పూర్తిగా మారిపోతుంది. మందూ మారిపోతుంది.

బయోస్ చూపించే పేరు, సైజు గాల్లోంచి రావు. ఎస్‌ఎస్‌డీ లోపల ఉండే కంట్రోలర్ చిప్ స్వయంగా చెప్పే జవాబు అది. చచ్చిపోయిన ఎస్‌ఎస్‌డీ జవాబే చెప్పదు. ప్రాణం మీదికి వచ్చినది తప్పు జవాబు చెబుతుంది. 2011లో ఇంటెల్ 320 రకం ఎస్‌ఎస్‌డీలకు ఒక జబ్బు బయటపడింది. ఉన్నట్టుండి కరెంటు పోతే, మళ్ళీ ఆన్ చేసినప్పుడు వందల జీబీల డ్రైవ్ తన సైజు 8 ఎంబీ అని చెప్పేది. పేరు గజిబిజిగా వచ్చినా, సైజు సున్నా వచ్చినా అలాంటి వాటినే అనుమానించాలి. మీది సరైన పేరు చెప్పింది, సరైన సైజు చెప్పింది. అంటే మెదడు పనిచేస్తోంది. లోపల ప్రతి ఫైలూ భద్రంగా ఉందని దీంతోనే హామీ ఇవ్వలేను గానీ, ‘పోయింది’ అని చేతులు దులుపుకునే కేసు మాత్రం కాదు.

మరి సెటప్‌కి ఎందుకు దొరకలేదు? మీరు రాసిన ఇంకో ముక్కలో జవాబు ఉంది: 11వ తరం. 2020 చివర్లో వచ్చిన ఈ తరం నుంచి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ఇంటెల్ వాళ్ళు వీఎండీ అనే ఏర్పాటు పెట్టారు. ఎస్‌ఎస్‌డీ నేరుగా విండోస్‌కి కనబడకుండా దాని వెనక ఉంటుంది. ఇంట్లో మనిషి ఉన్నాడు, వీధి గేటుకి తాళం వేసి ఉంది. వచ్చినవాడి దగ్గర తాళంచెవి లేదు. గేటు ఊపి చూసి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పి వెళ్ళిపోయాడు. ఇక్కడ తాళంచెవి అంటే ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్, అంటే ఆ ఏర్పాటుతో మాట్లాడటం విండోస్‌కి నేర్పే చిన్న సాఫ్ట్‌వేర్. కొన్నప్పుడు మీ విండోస్‌లో కంపెనీవాళ్ళు అది వేసే ఇచ్చారు కాబట్టి ఇన్నాళ్ళూ మీకు తెలియలేదు. మైక్రోసాఫ్ట్ నుంచి దించుకున్న మామూలు పెన్‌డ్రైవ్ సెటప్‌లో చాలావరకు అది ఉండదు. అన్ని కంపెనీలూ వీఎండీని ఆన్‌లో పెట్టి అమ్మవు. ఏఎండీ ప్రాసెసర్ ఉన్నవాళ్ళకు ఈ వీఎండీ గొడవే లేదు.

షాపు కుర్రాణ్ణి మరీ తిట్టుకోకండి. నేను సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర రిపేరు బెంచి మీద కూర్చునే రోజుల్లో, మొదటిసారి 11వ తరం ల్యాప్‌టాప్ వచ్చినప్పుడు అచ్చం ఇదే మాట అన్నాను. కస్టమరుకి ధైర్యంగా చెప్పి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి మనిషిని పంపి కొత్త ఎస్‌ఎస్‌డీ తెప్పించి బిగించాను. సెటప్ మళ్ళీ పెడితే ఏమందో తెలుసా? డ్రైవ్‌లేవీ దొరకలేదు. సీల్ తీసి పది నిమిషాలు కాని డ్రైవ్ అది! అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. మీ షాపులో కొత్తది వేసినా మొదటి రోజు ఇదే తంతు జరిగేది, ఆ తర్వాత డ్రైవర్ వేసేవాళ్ళు, అన్నీ బాగయ్యేవి. పాత ఎస్‌ఎస్‌డీ మాత్రం వాళ్ళ డబ్బాలో ఉండిపోయేది.

ఇక పనిలోకి దిగుదాం. మొట్టమొదట చేయాల్సింది చాలా చిన్నది. పెన్‌డ్రైవ్ తీసేసి, ఛార్జర్ పెట్టి, ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవో, ఏసర్‌లలో చాలావాటికి ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9, ఏసుస్‌లో ఎస్కేప్. ఆ జాబితాలో ‘విండోస్ బూట్ మేనేజర్’ అనే పేరుంటే దాన్ని ఎంచుకుని ఎంటర్ కొట్టండి. అప్‌డేట్ మధ్యలో బ్యాటరీ అయిపోయినప్పుడు ఒక్కోసారి బూట్ వరుస మాత్రమే చెదిరిపోతుంది, అక్కడితోనే లేచి కూర్చుంటుంది. లేస్తే ఇంకేం ముట్టుకోకుండా డేటా కాపీ తీసుకోండి. ఆ పేరు లేకపోయినా, ఉన్నా లేవకపోయినా, కిందికి చదవండి.

ఇంకో ల్యాప్‌టాప్‌లోనో, మీ తమ్ముడి దాంట్లోనో మీ ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ తెరవండి. వెనక అతికించిన స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది. స్టోరేజ్ విభాగంలో ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్ దొరుకుతుంది. దించుకున్న ఫైలు ఒక్కోసారి ఉత్త ఇన్‌స్టాలర్‌గా ఉంటుంది. దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లో పెడితే సెటప్‌కి అర్థం కాదు, విప్పి లోపలి ఫైళ్ళు బయటికి తీయాలి. జిప్ అయితే మామూలుగా విప్పండి. ఇన్‌స్టాలర్ అయితే సెవెన్ జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో విప్పి చూడండి, లేదా ఆ పేజీలోనే విప్పే పద్ధతి రాసి ఉంటుంది, చదవండి. విప్పాక వచ్చే ఫోల్డర్లలో చివర ‘వీఎండీ’ అని ఉన్నదే మీకు కావాల్సింది. దాన్ని విండోస్ ఉన్న పెన్‌డ్రైవ్‌లోనే ఒక పక్కన వేసుకోండి.

కొన్ని ప్యాకెట్లలో ఆ ఫోల్డరు పేరు ఎఫ్6 అని మొదలై ‘ఫ్లాపీ’ని కుదించిన అక్షరాలతో కనిపిస్తుంది. మీరు నవ్వినా సరే, దాని కథ చెప్పాల్సిందే. విండోస్ ఎక్స్‌పీ వేసే రోజుల్లో కూడా సెటప్‌కి కొత్త రకం డిస్కులు కనబడేవి కావు. నీలం తెర మీద అడుగున ఒక లైను మెరిసి మాయమయ్యేది, ఆ రెండు మూడు సెకన్లలో ఎఫ్6 నొక్కి ఫ్లాపీలో డ్రైవరు ఇవ్వాలి. ఫ్లాపీ డ్రైవే లేని ల్యాప్‌టాప్‌లకి కూడా ఫ్లాపీయే కావాలనేది! ఫ్లాపీలు పోయాయి, ఆ కీ పోయింది, పేరు మాత్రం ఫోల్డర్ల మీద ఇంకా బతికే ఉంది. రోగం కూడా పాతదే.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌ని ఆ పెన్‌డ్రైవ్‌తో లేపి, డ్రైవ్‌లు దొరకలేదనే తెర దాకా వెళ్ళండి. అక్కడ ‘లోడ్ డ్రైవర్’ అని ఉంటుంది. బ్రౌజ్ నొక్కి ఆ ఫోల్డరు చూపించండి. ఇంటెల్ పేరుతో ఒక వరుస వస్తుంది, దాన్ని ఎంచుకుని నెక్స్ట్ కొట్టండి. రెండుమూడు వరుసలు వస్తే వీఎండీ అని ఉన్నది. కాసేపటికి ఖాళీగా ఉన్న తెర మీద 512 జీబీ డిస్కు, దాని భాగాలు వరుసగా ప్రత్యక్షమవుతాయి.

ఇక్కడ ఆగండి. చాలామంది డేటా పోగొట్టుకునేది డ్రైవ్ దొరకనప్పుడు కాదు, దొరికిన ఈ నిమిషంలో. ఆ సంతోషంలో డిలీట్, ఫార్మాట్, నెక్స్ట్ అని చకచకా నొక్కేస్తారు. పాత హార్డ్ డిస్కుల కాలంలో పొరపాటున ఫార్మాట్ అయినా రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి చాలావరకు లాగేవాళ్ళం. ఎస్‌ఎస్‌డీలో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఫార్మాట్ చేయగానే ‘ఈ గదులన్నీ ఖాళీ’ అని విండోస్ దానికి కబురు పెడుతుంది, అది నిజంగానే శుభ్రంగా ఊడ్చేస్తుంది. కాబట్టి ఈ తెర మీద మౌసు ముట్టుకోకండి. మీ తమ్ముణ్ణి కూడా కాస్త దూరంగా కూర్చోమనండి.

షిఫ్ట్ పట్టుకుని ఎఫ్10 నొక్కండి (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ కూడా కలిపి నొక్కాలి). నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. అవును, ఉత్తరాలు రాసుకునే ఆ నోట్‌ప్యాడే. ఫైల్, ఓపెన్ అని వెళ్ళి, కింద ఫైళ్ళ రకం దగ్గర ‘ఆల్ ఫైల్స్’ పెట్టండి. ఇప్పుడు ఆ చిన్న కిటికీలోంచి మీ డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి కాపీ, పక్కన పెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్కులోకి వెళ్ళి పేస్ట్. మా బెంచి మీద ఈ ఉపాయంతో ఎంతమంది డేటా బయటపడిందో లెక్కలేదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఇక్కడ కాపీ ఎంతవరకు అయిందో చూపించే పట్టీ రాదు. కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. హ్యాంగ్ అయిందనుకుని ఆపేయకండి, టీ పెట్టుకుని రండి. పెద్ద ఫోల్డర్లు ఒకేసారి కాకుండా విడివిడిగా తీయండి. డ్రైవ్ అక్షరాలు కూడా ఇక్కడ మారిపోయి ఉండొచ్చు, మీ సీ డ్రైవ్ ఇక్కడ డీ అనో ఈ అనో పేరు పెట్టుకుని ఉంటుంది. లోపల యూజర్స్ ఫోల్డరు చూసి గుర్తుపట్టండి.

ఇప్పుడు మీకు మాత్రమే పనికొచ్చే మాట. డేటా తీసిస్తాం అనే షాపులు సాధారణంగా తీసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఫొటోలు. టాలీ అక్కడ ఉండదు. టాలీ ప్రైమ్ వేసినప్పుడు చోటు మార్చకపోతే డేటా యూజర్స్‌లో పబ్లిక్, అందులో టాలీప్రైమ్, అందులో డేటా అనే ఫోల్డర్లో ఉంటుంది. లోపల షాపుల పేర్లు కనిపించవు. ఉత్త అంకెల పేర్లతో, ఒక్కో కంపెనీకి ఒక్కో ఫోల్డరు. చూడగానే ఇదేదో పనికిరాని చెత్త అనిపిస్తుంది, అదే మీ 23 షాపుల పుస్తకం. ఫోల్డర్లు లెక్కపెట్టుకోండి, రైస్ మిల్లుతో కలిపి కనీసం 24 ఉండాలి. టాలీలోనే పాత రకమైన ఈఆర్‌పీ 9 వాడి ఉంటే అదో ఫోల్డరు వేరుగా ఉంటుంది. డేటాని మీరు డీ డ్రైవ్‌లోకి మార్చుకుని ఉంటే అక్కడ చూడండి.

కాపీ తీయబోతే డ్రైవ్ మీద తాళం బొమ్మ ఉండి తెరుచుకోవట్లేదా? కంగారు పడకండి, అది బిట్‌లాకర్. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో మనల్ని గట్టిగా అడగకుండానే ఈ తాళం పడిపోతుంది. దాని చెవి 48 అంకెలు. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్‌లో రికవరీ కీ కోసం వెతకండి. ఒకటికి మించి కీలు ఉంటే, తెర మీద అడిగే కీ ఐడీ మొదటి 8 అక్షరాలతో సరిపోల్చుకోండి. మన దగ్గర ఒక చిక్కుంది. కొన్నరోజున అకౌంట్ తెరిచింది మీరేనా? చాలా షాపుల్లో అమ్మేటప్పుడు వాళ్ళే ఏదో ఒక మెయిల్ ఐడీతో గబగబా లాగిన్ చేసి ఇచ్చేస్తారు. మీది అలా అయితే ఆ మెయిల్ ఐడీ ఏదో ఈ రోజే కనుక్కోండి. ఆ 48 అంకెలు లేకపోతే నేను కాదు కదా, ఎంత పెద్ద ల్యాబ్ అయినా ఆ తాళం తీయలేదు.

బయోస్‌లో వీఎండీని ఆపేస్తే సరిపోతుంది కదా, డ్రైవరు తిప్పలెందుకు అని ఎవరైనా సలహా ఇస్తారు. ఆపేస్తే సెటప్‌కి డ్రైవ్ దొరుకుతుంది, నిజమే. కానీ మీ పాత విండోస్ వీఎండీ ఆన్‌లో ఉండగా వేసినది. ఆపగానే నీలం తెర వేసి, బూట్ డివైస్ అందడం లేదని మొండికేయొచ్చు, పైగా బిట్‌లాకర్ కీ అడగొచ్చు. డేటా చేతికొచ్చేదాకా బయోస్‌లో చూడటమే తప్ప ఏదీ మార్చకండి. మీ తమ్ముడు ఏదైనా మార్చి ఉంటే ఏం మార్చాడో గుర్తుచేసుకుని వెనక్కి పెట్టమనండి.

డేటా బయటికి వచ్చాక మాత్రం ఏ ప్రయోగమైనా చేసుకోండి. సెటప్‌లోని రిపేర్ దారిలో వెళ్ళి స్టార్టప్ రిపేర్ ఒకటి రెండుసార్లు నడిపి చూడండి. లేవకపోతే విండోస్ మళ్ళీ వేసేయడమే మేలు. సగంలో ఆగిన అప్‌డేట్ లోపల ఏమేం చెడగొట్టిందో వెతుక్కుంటూ కూర్చోవడం దండగ. వేశాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూడండి. ‘గుడ్’ అని వస్తే దాన్నే వాడుకోండి. ‘కాషన్’ అంటే మాత్రం అప్పుడు కొత్తది కొనండి, అప్పుడు నేను అడ్డం చెప్పను.

ఇక 11వ తారీఖు. నెలవారీ వేసేవాళ్ళకి గడువు 11, మూడు నెలలకోసారి వేసేవాళ్ళకి 13. మీ చిన్న షాపుల్లో కొన్నైనా రెండో రకం అయి ఉంటాయి, వాటిని ముందే పక్కకు తీసేస్తే భారం తగ్గుతుంది. ఆలస్యం అయితే రోజుకి 50 రూపాయలు, అమ్మకాలేవీ లేని నిల్ రిటర్నుకి 20. ఒక్కరోజు దాటితే మిన్ను విరిగి మీద పడదు గానీ, 24 మంది అనేసరికి లెక్క మీకే తెలుసు, నాకంటే బాగా తెలుసు. ఈలోగా ఎవరి ల్యాప్‌టాప్ అయినా అడిగి తెచ్చుకోండి. కానీ అందులో మార్చి బ్యాకప్ రిస్టోర్ చేసి దాని మీద కొత్త ఎంట్రీలు మొదలుపెట్టకండి. రేపు అసలు డేటా దొరికాక ఒక్కో షాపుకీ రెండు పుస్తకాలు తయారవుతాయి, వాటిని కలపడం ఇంకో నెల పని. జీఎస్టీఆర్-1కి కావాల్సింది పోయిన నెల అమ్మకాల బిల్లులే. జీఎస్టీ పోర్టల్‌లో ఉచితంగా దొరికే ఆఫ్‌లైన్ టూల్‌లో వాటిని ఎక్కించి వేసేయండి. మునుపు వేసిన రిటర్నులన్నీ పోర్టల్‌లోనే ఉన్నాయి, అవి ఎక్కడికీ పోలేదు. క్లయింట్ల పాస్‌వర్డులు క్రోమ్‌లో దాచుకుని గూగుల్ అకౌంటుతో లాగిన్ అయి ఉంటే, మీ ఫోన్‌లోనే దొరుకుతాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఎక్సెల్ షీట్లు కూడా మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో ఉన్నాయేమో ఫోన్‌లోంచి ఒకసారి చూడండి. మీకు తెలియకుండానే ఎక్కి ఉండొచ్చు. టాలీ మాత్రం ఎక్కదు.

మీలాంటి ఉత్తరాలే ఇంకొన్ని ఉన్నాయి, వాళ్ళకి బయోస్‌లో కూడా డ్రైవ్ పేరు రావడం లేదు. ఆ దారి వేరు కాబట్టి వాళ్ళ కోసం నాలుగు మాటలు. ముందు ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ 30, 40 సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. ఆ తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. నమ్మశక్యం కాదు గానీ దీంతో లేచినవి నేను చాలా చూశాను. అయినా రాకపోతే వెనక మూత తీయాలి, వారంటీ ఉంటే మీరు తీయకండి. మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టరు ఊడదీయాలి, ఆ తర్వాతే ఎస్‌ఎస్‌డీ మీద చెయ్యి. చూయింగ్ గమ్ ముక్కంత ఉండే ఆ ఎస్‌ఎస్‌డీని ఒకే ఒక్క మర పట్టుకుని ఉంటుంది. మర తీస్తే అది తనంతట తానే పైకి లేస్తుంది, విరిగిందేమో అని భయపడొద్దు. బయటికి లాగి, బంగారు రంగు అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక గట్టిగా లోపలికి తోసి బిగించండి. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఆ అంచు మసకబారడం మామూలే. ఎస్‌ఎస్‌డీ కాకుండా పాత రెండున్నర అంగుళాల డిస్కు ఉన్నవాళ్ళు ముందు అనుమానించాల్సింది డిస్కుని కాదు, దాన్ని బోర్డుకి కలిపే రిబ్బను లాంటి పల్చటి కేబుల్‌ని. అది వదులై ‘డిస్కు పోయింది’ అనిపించుకున్న కేసులు నా బెంచి మీద లెక్కలేనన్ని.

ఇంకా రాకపోతే ఒక చిట్కా. కొన్ని ఎస్‌ఎస్‌డీ కంపెనీలే దీన్ని చెబుతాయి. కరెంటు పోయి కంగారుపడ్డ ఎస్‌ఎస్‌డీ లోపల తన పట్టికలు సరిచేసుకోవడానికి సమయం ఇవ్వడం. ల్యాప్‌టాప్‌ని బయోస్ తెర మీదే 20 నిమిషాల నుంచి అరగంట ఉంచి, ఆపి, అర నిమిషం ఆగి, మళ్ళీ అలాగే ఇంకోసారి. ఖర్చు లేని పని, చేసి చూడండి. దానికీ లొంగకపోతే డ్రైవ్ తీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇంకో కంప్యూటరుకి తగిలించి చూడాలి. అక్కడ కనిపిస్తే తప్పు ల్యాప్‌టాప్‌ది, అక్కడా లేకపోతే డ్రైవ్‌ది. డబ్బా కొనేటప్పుడు మీ ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకమా, సాటా రకమా అని చూసుకోండి. చూడటానికి రెండూ కవలల్లా ఉంటాయి, ఒకదాని డబ్బాలో ఇంకొకటి పనిచేయకపోవచ్చు. మరికొన్ని ల్యాప్‌టాప్‌లలో, ఆపిల్ కొత్త మ్యాక్‌బుక్‌లలో స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది. వాటికి ఈ మాటలేవీ వర్తించవు.

హార్డ్ డిస్కు టిక్ టిక్ అని కొడుతుంటే మాత్రం ఇవేవీ చేయకుండా ఆపేయండి. లోపల తిరిగే పళ్ళెం మీద హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది, దానితో పోలిస్తే మన తలవెంట్రుక తాటిచెట్టు. ప్రతిసారీ ఆన్ చేసి చూద్దాం అనడం పుండు గోకడమే. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందన్న వీడియోలు నమ్మకండి, బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. అది డేటా రికవరీ ల్యాబ్ పని. ఖర్చు వేలల్లో ఉంటుంది, చూసి చెప్పడానికి ఎంత, డేటా రాకపోతే ఎంత అని ముందే రాయించుకోండి.

తణుకు సోదరికి షాపు గురించి ఒక్క మాట మిగిలింది. రేపు నిజంగానే కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించాల్సి వచ్చినా పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వకండి. అందులో మీ ఒక్కరివి కాదు, 24 మంది పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పోర్టల్ లాగిన్లు ఉన్నాయి. వాళ్ళు తగ్గించే రెండు మూడు వందలకి అవి ఎవరి చేతికి పోతాయో మనకి తెలియదు. డేటా తీయడానికి ల్యాప్‌టాప్ వాళ్ళ దగ్గర వదిలిపెట్టాల్సి వస్తే, ‘ఫార్మాట్ చేయరాదు, డేటా కాపీ మాత్రమే’ అని రసీదు మీద వాళ్ళ చేతనే రాయించుకోండి.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు కాబట్టి పోదు అని మీకెవరైనా చెప్పి ఉంటే అది కూడా మనసులోంచి తీసేయండి. 2019లో హెచ్‌పీఈ కంపెనీ తన సర్వర్లలోని కొన్ని ఎస్‌ఎస్‌డీల గురించి స్వయంగా ఒక హెచ్చరిక ఇచ్చింది. లోపలి సాఫ్ట్‌వేర్ తప్పు వల్ల అవి సరిగ్గా 32,768 గంటలు పనిచేయగానే ఆగిపోతాయి, వెంటనే అప్‌డేట్ చేసుకోండి అని. ఒకే రోజు బిగించినవన్నీ ఒకే గంటకి పోవాల్సిన డ్రైవ్‌లు అవి. కాబట్టి ఇకనుంచి బ్యాకప్ అలవాటు చేసుకోండి. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కితే డేటా మెనూ, అందులోనే బ్యాకప్. ఆ నెల రిటర్నులన్నీ వేశాక ప్రతి 20వ తారీఖు సాయంత్రం ఒక కాపీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి, ఒకటి గూగుల్ డ్రైవ్‌లోకి పంపండి. ఎక్స్‌టర్నల్ డిస్కు ల్యాప్‌టాప్ బ్యాగులోనే పెట్టకండి, రెండూ కలిసే దొంగల పాలవుతాయి.

డ్రైవర్ లోడ్ చేశాక కూడా 512 జీబీ డిస్కు రాకపోతే, లేదా వచ్చి దాని ఎదురుగా ‘అన్‌అలొకేటెడ్ స్పేస్’ (దేనికీ కేటాయించని ఖాళీ చోటు) అని మాత్రమే ఉంటే, ఆ తెర ఫొటో ఒకటి, బయోస్‌లో స్టోరేజ్ పేజీ ఫొటో ఒకటి తీసి పంపండి. ఈలోగా ల్యాప్‌టాప్ ఆపేసి ఉంచండి. బిట్‌లాకర్ కీ దొరికితే ఫొటోలో అది పడకుండా చూసుకోండి.